ముక్కు కాలు బిగుసుకుంది: ల్యాండింగ్ గేరు గ్రీజు డైరీ

బండి సంగతి ముందు క్లుప్తంగా. నేను కట్టుకుంటున్నది జెనిత్ సీహెచ్ 701 తరహా చిన్న విమానం, రెండు సీట్లు, అంతా అల్యూమినియం రేకు పని. పెద్ద చక్రాలు రెండూ ఒకే మందపాటి పట్టీకి చెరో చివరన ఉంటాయి. ఆ పట్టీయే స్ప్రింగు. అందులో జారేది ఏమీ లేదు, గ్రీజు పెట్టేదీ లేదు. గొడవంతా ముక్కు చక్రం కాలితోనే. అది 38.10 మి.మీ. ఉక్కు గొట్టం. రెండు బుష్‌ల (గొట్టం చుట్టూ ఉండే రింగుల) మధ్య పైకీ కిందికీ జారాలి, పెడల్ తొక్కితే పక్కలకి తిరగాలి. షాక్ అబ్జార్బర్ బదులు దానికి ఉన్నది ఒక బంజీ, అంటే లావు రబ్బరు లూపు.

షెడ్డు సింగరాయకొండ దగ్గర. నాన్న కాలంనాటి పొగాకు గ్రేడింగ్ షెడ్డు అది, పక్కనే ఆకు కాల్చే పాత బ్యారన్. తూర్పున పాకల సముద్రం, మధ్యలో రొయ్యల గుంటలు. ఉప్పు గాలికి కొదవ లేదు. రెక్కలింకా పెట్టలేదు. ఇంజను బదులు ముందు 60 కిలోల ఇసుక బస్తాలు కట్టాను (రోటాక్స్ 912 బరువు ఇంచుమించు అంతే). పరీక్ష అంటే ట్రాక్టర్ వెనక కట్టి బీడులో ఈడ్పించడమే. ఎగరడం, అనుమతులు ఈ డైరీలో రావు. దొనకొండలో యుద్ధకాలం నాటి రన్‌వే ఉంది గదా, అక్కడికి తీసుకుపో అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. ముందు నా ముక్కు కాలు జారనివ్వండయ్యా.

దశ 1. మే: ఎక్కడ ఏం పూశాను

మే 18న పెట్టినవి ఇవి. ఇందులో సగం తప్పే, ఎవరూ కాపీ కొట్టొద్దు.

1. ముక్కు కాలు పై బుష్, కింది బుష్: రెండూ నైలాన్. ప్లాస్టిక్ సంచిలో సీలు వేసి ఉన్న రాడ్డు కొని తిప్పించాను. హౌసింగ్‌లో (బుష్ కూర్చునే ఇనుప గూడులో) ఎక్కించాక బోరు, అంటే లోపలి వ్యాసం, 38.25, అంటే గొట్టానికి 0.15 సందు. పైగా హౌసింగ్‌కి చిల్లు పెట్టి గ్రీజు నిప్పిల్ బిగించాను. ఇది పూర్తిగా నా సొంత తెలివి.
2. మూడు చక్రాలకీ టేపర్ రోలర్ బేరింగులు, చక్రానికి రెండు. కోన్ (బేరింగు లోపలి రింగు) మీద ఎల్ఎం 67048 అని ఉంది, లోపలి బోరు 31.75 మి.మీ. ఫ్యాక్టరీ గ్రీజు అప్పటికే కొంత ఉంది. దాని మీదే కొత్తది కూరాను.
3. పెడల్ రాడ్ల చివర రాడ్ ఎండ్‌లు (అటూఇటూ తిరిగే గుండు కీళ్ళు).
4. బంజీ ఆనే పిన్ను.

అన్నిటికీ ఒకటే గన్, ఒకటే గ్రీజు: ఆటో స్పేర్ పార్టుల షాపులో దొరికే లిథియం ఎంపీ (మల్టీ పర్పస్) గ్రీజు.

కాలు ఎంత బిగువుగా ఉందో చేత్తో ఊపి చెప్పడం నాకు ఇష్టం లేదు. నిన్న ఎట్లా ఉందో చేతికి గుర్తుండదు. కొలిచే పద్ధతి ఇది:

1. తోక మీద ఇసుక బస్తా వేసి ముక్కు లేపాలి. బంజీ తీసెయ్యాలి.
2. రొయ్యలు తూచే వేలాడే డిజిటల్ త్రాసు ఫోర్కుకి (చక్రాన్ని పట్టుకునే చీలికకి) తగిలించాలి.
3. మెల్లగా పైకి లాగుతూ, కదులుతున్నప్పటి అంకె రాసుకోవాలి.
4. మెల్లగా కిందికి దించుతూ ఇంకో అంకె.
5. పైకి అంకెలోంచి కిందికి అంకె తీసేసి సగం చెయ్యాలి. వచ్చేది రాపిడి.

చక్రం, ఫోర్కు, గొట్టం కలిపి 5.2 కిలోలు. అసలు రాపిడే లేకపోతే రెండు అంకెలూ 5.2 రావాలి.

మే 19, మధ్యాహ్నం: పైకి 6.0, కిందికి 4.4. రాపిడి 0.8 కిలోలు. గాలిలో తేమ 34 శాతం. తేమ కొలత బ్యారన్‌లో ఆకు కాల్చేటప్పుడు వాడే తడి-పొడి థర్మామీటరుతోనే తీశాను.

ఇప్పటికి: 6 గంటలు, రూ. 1,450.

దశ 2. ఆగస్టు–అక్టోబరు: గ్రీజు మీద గ్రీజు

ఆగస్టు 24. పైకి 7.3, కిందికి 3.1. రాపిడి 2.1. తేమ 62. గ్రీజు ఎండిపోయిందనుకున్నా. ఆగస్టులో మూడు నెలల గ్రీజు ఎట్లా ఎండుద్దో ఆలోచించి ఉండాల్సింది.

సెప్టెంబరు 14. నిప్పిల్‌కి గన్ పెట్టి కింది బుష్ అంచునుంచి బయటికొచ్చేదాకా కొట్టాను. పైకి 6.9, కిందికి 3.5, రాపిడి 1.7. సంబరం రెండు రోజులే. 16న కొలిస్తే పైకి 7.5, కిందికి 2.9, రాపిడి 2.3. ముందుకంటే ఎక్కువ.

కారణం ఒకటి కనపడుతూనే ఉంది. బయటికొచ్చిన గ్రీజుకి బీడులో దుమ్మంతా అంటుకుంది. కాలు పైకి పోయినప్పుడల్లా ఆ దుమ్ము బుష్‌లోకి దూరుతోంది. వేళ్ళ మధ్య నలిపితే కరకరలాడింది. వాల్వులు నూరే గ్రైండింగ్ పేస్టు అంటే ఇదే, కాకపోతే నేను ఉచితంగా తయారు చేసుకున్నాను.

తుడిచి మళ్ళీ కొత్త గ్రీజు పెట్టాను. మళ్ళీ అదే కథ. మూడోసారి డబ్ల్యూడీ-40 కొట్టాను. దాని పేరుకి అర్థమే నీటిని తరిమే 40వ ఫార్ములా అని. పట్టేసిన నట్టు ఊడదీయడానికి మంచిదే గానీ జారే చోట నిలిచే సరుకు కాదు. ఉన్న గ్రీజుని కూడా కడిగి కిందికి కార్చింది. ఎక్కడికి కారిందో దశ 4లో తెలుస్తుంది.

అక్టోబరు 29. నాలుగు రోజుల ముసురు తర్వాత. పైకి 11.4. కిందికి అంకె లేదు. చెయ్యి వదిలేస్తే కాలు పైనే ఉండిపోయింది. తన 5.2 కిలోల బరువు కూడా దాన్ని దించలేకపోయింది. రాపిడి 6.2, తేమ 89. మా బామ్మర్ది చక్రం మీద కాలుపెట్టి తొక్కితే టక్కున దిగింది. "బావా, ఇది ల్యాండయినాక తెరుచుకుంటది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఇప్పటికి: 15 గంటలు, రూ. 2,070.

దశ 3. నవంబరు: విప్పి కొలవడం, తప్పుగా కొలవడం

ముందు గొట్టం వంగిందేమోనని అనుమానం. చదునైన బల్ల కావాలి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పాలిష్ ముక్క ఒకటి, వంటింటి గట్టుకి తెప్పించగా మిగిలింది, షెడ్డులో ఉంది. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూస్తే నాకు కావలసిన పొడవులో సందు కనపడలేదు. గొట్టాన్ని దాని మీద దొర్లిస్తూ కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) పెట్టి చూశాను. ఎక్కడా 0.04 దూరలేదు. గొట్టం నిటారే.

తర్వాత బుష్‌లు. కింది బుష్ హౌసింగ్‌లోంచి చేత్తో రాలేదు, సుత్తికీ రాలేదు. వైస్‌లో పెట్టి సాకెట్ ఆనించి నొక్కితే వచ్చింది. మేలో ఎక్కించినప్పుడు ఇంత గట్టిగా లేదు. ఆ మాట డైరీలో రాసుకున్నాను కూడా, కానీ రాసుకున్నదాన్ని పట్టించుకోలేదు.

బయటికి తీసిన బుష్ బోరు కొలిస్తే 38.47. మేలో 38.25 ఉన్నది పెరిగింది! బుష్ అరిగి లూజయింది, కాలు వంకరగా పడి ఇరుక్కుంటోంది అని తీర్మానించేశాను. ఈ తీర్మానం మీద రెండు వారాలు పోయాయి. టైటుగా ఇంకో నైలాన్ బుష్ తిప్పించబోయాను. అదే చేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

ఆపింది మా ఊరి లేత్ బాబాయ్. ఆయన పనంతా రొయ్యల గుంటల ఏరేటర్లకే. షాఫ్టులు, బుష్‌లు, రోజూ అదే. బుష్ చేతిలో తిప్పి చూసి అడిగాడు.

"ఎప్పుడు తిప్పించావ్ అబ్బాయ్ ఇది?"

"మేలో, బాబాయ్."

"బయట ఎంతుంది ఇప్పుడు?"

బయట కొలవనే లేదు నేను. మైక్రోమీటర్ పెడితే 50.33. మేలో 50.05కి తిప్పించి 50.00 హౌసింగ్‌లో ఎక్కించాం.

"నైలాన్ నీళ్ళు తాగుద్ది. చుట్టూ ఇనుము పట్టుకోనుంటే బయటికి ఎట్లా పెరుగుద్ది? లోపలికే. ఏరేటర్‌కి టైటు బుష్ వేస్తే మూడో నాటికి మోటారు కాలుద్ది. మేం ముందే లూజు పెట్టి తిప్పుతాం."

బుష్‌ని మళ్ళీ హౌసింగ్‌లోకి నొక్కి, అప్పుడు టెలిస్కోపిక్ గేజ్‌తో (బోరు లోపల కొలిచే పనిముట్టు) నాలుగు వైపులా కొలిచాం. కింది బుష్ 38.08 నుంచి 38.13. పై బుష్ 38.17. గొట్టం 38.10. సందు ఎక్కడుంది ఇంక?

విడిగా ఉన్న రింగు ఉబ్బితే లోపలి బోరూ, బయటి సైజూ రెండూ పెరుగుతాయి. హౌసింగ్‌లో బంధించిన రింగు ఉబ్బితే బోరు మూసుకుపోతుంది. నేను బయటికి తీసి కొలిచి దానికి సరిగ్గా తిరగబడిన జవాబు తెచ్చుకున్నాను. బుష్‌ని హౌసింగ్‌లో ఉండగానే కొలవండి.

సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. మాది పొగాకు ఇల్లు. ఎండిన ఆకు గాలిలో తేమ పీల్చుకుని పదునెక్కడం చిన్నప్పటినుంచి చూస్తున్నాను. పదునెక్కక ముందు ముట్టుకుంటే ఆకు పొడైపోతుందని అమ్మ కేకలేసేది. ఆ తేమ కొలిచే థర్మామీటరే చేతిలో పెట్టుకుని, పక్కనే అంకెలు రాస్తూ, రాపిడీ తేమా కలిసి పెరుగుతున్నాయని చూడలేదు.

నమ్మకం కోసం ఒక పరీక్ష చేశాను. మేలో మిగిలి సంచిలోనే ఉండిపోయిన నైలాన్ ముక్క, బాబాయ్ దగ్గర తీసుకున్న ఎసిటాల్ అనే ఇంకో ప్లాస్టిక్ ముక్క, రెండూ బకెట్ నీళ్ళలో 10 రోజులు. బంగారం తూచే త్రాసు మీద:

నైలాన్: 41.20 గ్రాముల నుంచి 42.35కి. 2.8 శాతం.
ఎసిటాల్: 48.60 నుంచి 48.78కి. 0.4 శాతం కూడా లేదు.

పూర్తిగా నానితే నైలాన్ 6 తన బరువులో 9 శాతం దాకా నీళ్ళు పడుతుంది. ఎసిటాల్ (డెల్రిన్ అంటే అదే) 1 శాతం లోపే ఆగుతుంది.

ఇప్పటికి: 29 గంటలు, రూ. 3,970. టెలిస్కోపిక్ గేజ్ ఇందులోనే.

దశ 4. అదే నవంబరు: చక్రాలు, బంజీ

విప్పాం గదా, అన్నీ చూద్దామని చక్రాలు తీశాను. ఎడమ చక్రం బ్రేకు డిస్కు మీద గోధుమరంగు జిడ్డు. బేరింగులో గ్రీజు గ్రీజులా లేదు, పలచటి పెరుగులా ఉంది.

ఫ్యాక్టరీలో పెట్టింది క్లే గ్రీజు. చక్రంతో వచ్చిన కాగితంలో ఏరోషెల్ 22 అని ఉంది, అది బంకమట్టి జాతి ఖనిజంతో చిక్కబరిచిన సింథటిక్ గ్రీజు. నేను కూరింది లిథియం సబ్బుతో చిక్కబరిచింది. ఈ రెండూ కలిస్తే చిక్కదనం విరిగి నూనె కారిపోతుంది. రంగు చూసి ఒకటేలే అనుకోవడానికి లేదు. మొబిల్ 28 ఎర్రగా ఉంటుంది, అది క్లే. షాపుల్లో దొరికే ఎర్ర గ్రీజుల్లో చాలావరకు లిథియం కాంప్లెక్సు. డబ్బా మీద చదవాల్సింది దేంతో చిక్కబరిచారు అన్నది.

మూడు చక్రాలకీ చేసిన పని:

1. బేరింగులు కిరోసిన్‌లో మూడుసార్లు, ప్రతిసారీ కొత్త కిరోసిన్‌లో కడిగాను. చివరిసారి కిరోసిన్ మురికి కాకూడదు.
2. గాలి కొట్టి ఆరబెట్టాను, కోన్‌ని వేలితో పట్టుకుని తిరగకుండా. ఉత్త బేరింగుని గాలితో గిర్రున తిప్పితే రోలర్లు గీతలు పడతాయి, ఒక్కోసారి ఎగిరి తగులుతాయి. ఆ విజిల్ శబ్దం బాగుంటుందని తిప్పేవాళ్ళు ఉన్నారు, వద్దు.
3. కప్పు (బేరింగు బయటి రింగు) లోపల వేలిగోరుతో గీసి చూశాను. గోరు తట్టుకుంటే కప్పూ కోనూ రెండూ మార్చాలి. తట్టుకోలేదు.
4. అరచేతిలో గ్రీజు పెట్టుకుని కోన్ వెడల్పు వైపుని దానికి అదుముతూ, సన్న వైపునుంచి బయటికొచ్చేదాకా నింపాను. తూచి చూస్తే కోన్‌కి 9 గ్రాములు. ఆరు కోన్‌లకి 54. మేలో దీనికి రెట్టింపు పైగా కూరి ఉంటాను. ఎక్కువైంది పోయేదారి బ్రేకు డిస్కే.
5. చక్రం తిప్పుతూ యాక్సిల్ నట్టు బిగువు తగిలేదాకా బిగించి, బిగువు పోయేదాకా వదిలి, మళ్ళీ దగ్గర్లో ఉన్న కాటర్ పిన్ (నట్టు ఊడకుండా వేసే చీలిక పిన్ను) రంధ్రానికి తెచ్చాను.
6. కొత్త కాటర్ పిన్ వేశాను. పాతది నిటారు చేసి మళ్ళీ వెయ్యొద్దు.

డిస్కు ఎసిటోన్‌తో తుడిస్తే శుభ్రమైంది. ప్యాడ్లు జిడ్డు పీల్చేశాయి. కాల్చి బాగుచేసుకోవచ్చని ఒకరు చెప్పారు గానీ బ్రేకు విషయంలో ఆ పొదుపు నాకొద్దు, కొత్తవి వేశాను.

ఇంక బంజీ. దశ 2లో కారిందన్నానే, కారింది దీని మీదికే. పై గుడ్డ తొడుగు నల్లబడింది, ఒకచోట ఉబ్బి మెత్తగా తగిలింది. లోపలిది సహజ రబ్బరు, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి బలం పోతుంది. ల్యాండింగ్ దెబ్బ మొత్తం కాసేది ఆ లూపే కాబట్టి ఆలోచించేది ఏమీ లేదు, తీసేశాను. కొత్తది రావడానికి ఐదు వారాలు. ఆనే పిన్నుకి ఇప్పుడు సిలికాన్ గ్రీజు, అదీ గుడ్డకి అద్ది తుడిచినంత.

రాడ్ ఎండ్‌ల గురించి పెద్దగా ఏమీ లేదు. నావి టెఫ్లాన్ లైనర్ ఉన్నవి. వాటికి గ్రీజూ వద్దు, నూనే వద్దు. పూసింది తుడిచేశాను.

ఇప్పటికి: 40 గంటలు, రూ. 13,270. ఎక్కువ బంజీకీ ప్యాడ్లకీ పోయింది, అంటే రూ. 200 గ్రీజు డబ్బా ఖరీదు.

దశ 5. నవంబరు 30 నుంచి మే: సగం రిపేరు

ఎసిటాల్ రాడ్డు కావలసిన సైజు చెన్నైనుంచి రావాలి. ఈలోగా ఉన్న నైలాన్ బుష్‌లనే హౌసింగ్‌లో పెట్టి బోరు 38.38కి పెంచాడు బాబాయ్. "ఎండాకాలం వదులైపోద్ది, చెప్తున్నా" అన్నాడు. సరే అన్నాను.

నవంబరు 30: పైకి 5.9, కిందికి 4.5. రాపిడి 0.7. మేలో కంటే బాగుంది. రాడ్డు సంగతి పక్కన పెట్టేశాను. బాగున్నదాన్ని కెలకడం ఎందుకన్న బద్ధకం.

మే 6, పడమటి గాలి మొదలయ్యాక: పైకి 5.5, కిందికి 4.9, రాపిడి 0.3. అంకె చూస్తే అద్భుతం. కానీ యాక్సిల్ దగ్గర పక్కకి 3 మి.మీ. ఆట, అంటే వదులు. ట్రాక్టర్ 20 కిలోమీటర్ల వేగం అందుకోగానే ముక్కు చక్రం అటూఇటూ కొట్టుకుంది, పెడల్స్ కాళ్ళని తన్నాయి. విప్పి చూస్తే కింది బుష్ గొట్టంతోపాటు హౌసింగ్‌లోనే తిరుగుతోంది. వానాకాలమంతా ఉబ్బి ఇనుము మధ్య నలిగి ఆ సైజుకే అలవాటు పడింది, ఎండకి ఆరి ఇంకా చిక్కిపోయింది. తక్కువ రాపిడి అంటే మంచి అనుకోకూడదని ఈ రోజునుంచి డైరీలో ఇంకో అంకె కూడా రాస్తున్నాను: యాక్సిల్ దగ్గర ఆట.

ఇప్పటికి: 45 గంటలు, రూ. 13,970.

దశ 6. జూన్ నుంచి: ఎసిటాల్, గ్రీజు లేకుండా

జూన్ 9న చేసిన మార్పులు:

1. ఎసిటాల్ బుష్‌లు, బయట 50.06. హౌసింగ్‌లో ఎక్కించాకే బోరు 38.26కి.
2. తిరగకుండా ఒక్కో దానికి ఒక చిన్న గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ).
3. నిప్పిల్ తీసేసి చిల్లు మూసేశాను. ఉంటే ఎప్పుడో ఒకప్పుడు నాకే చెయ్యి దురద పెడుతుంది.
4. గొట్టం 600, తర్వాత 1000 నంబరు వాటర్ పేపర్‌తో రుద్ది, ఎసిటోన్‌తో తుడిచి, పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) డ్రై స్ప్రే రెండు పొరలు. పొరకీ పొరకీ మధ్య పూర్తిగా ఆరనివ్వాలి.
5. కింది బుష్ కింద ఫెల్ట్ రింగు. దుమ్ము గీకేది అదే.

జూన్ 10: పైకి 5.8, కిందికి 4.6, రాపిడి 0.6. ఆట 1 మి.మీ. లోపు. 30 కిలోమీటర్ల వేగం దాకా ఈడ్చినా చక్రం కొట్టుకోలేదు.

గ్రీజు తీసేస్తే వచ్చే నష్టం జూలైలో కనపడింది. బయటికి ఉండే గొట్టం మీద ఎర్రటి తుప్పు చుక్కలు. క్రోమోలీ ఉక్కు, సముద్రపు గాలి. అప్పటిదాకా ఆ పాడు గ్రీజే దాన్ని కాపాడింది మరి. బైకు ఫోర్కుకి వేసే రబ్బరు బూటు తొడిగాను. మూడు వారాల తర్వాత తీసి చూస్తే లోపల చెమట పట్టినట్టు నీళ్ళు, తుప్పు రెండింతలు. బూటు పీకేశాను. ఇప్పుడు వారానికోసారి తడిగుడ్డతో ఉప్పు తుడిచి, ఆరాక కారు వాక్స్ పలచగా రుద్దుతున్నాను. బుష్ లోపల తిరిగే భాగానికి వాక్స్ తగలనివ్వను, స్ప్రే పొర మీద అది జిగట పడుతుందేమోనని నా భయం.

అక్టోబరు 20, మొదటి వానలు: పైకి 5.9, కిందికి 4.5, రాపిడి 0.7.

నవంబరు 16, వారం రోజుల ముసురు, తేమ 91: పైకి 6.0, కిందికి 4.4, రాపిడి 0.8. పోయినేడు దాదాపు ఇదే వాతావరణంలో 6.2. హౌసింగ్‌లోనే కొలిస్తే కింది బుష్ బోరు 38.24, ఆట 1 మి.మీ. లోపే.

తన బరువుకే కాలు జారి దిగింది. బామ్మర్ది తొక్కడానికి కాలెత్తి, అవసరం లేక దించేసుకున్నాడు.

ఇప్పటికి: 53 గంటలు, రూ. 17,220. తుప్పు చుక్కలు కొత్తవి మూడు, ఫోర్కుకి పైన, గుడ్డ సరిగా అందని మూల. దానికి పాత టూత్ బ్రష్ తెచ్చాను. వచ్చే కొలత డిసెంబరు 14న.